ఇంట్లో సముద్రం.. ఉప్పెంత?

ఉప్పునీటి అక్వేరియంలో ప్రాణాలు నిలిచేదీ పోయేదీ కంటికి కనపడని ఒక్క అంకె మీద. ఆ అంకె చెప్పే పరికరాలు బజారులో బోలెడు. అవి నిజం చెబుతున్నాయో లేదో తేల్చే సీసా మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. పరికరం కన్నా ముందు కొనాల్సింది ఆ సీసానే.

మంచినీటి చేపల తొట్టికీ ఉప్పునీటి తొట్టికీ చూపులకు పెద్ద తేడా ఉండదు. అవే గాజు పలకలు, అదే పంపు, అవే దీపాలు. తేడా అంతా నీళ్లలోనే. సముద్రపు నీటిలో కిలోకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దాన్నే 35 పీపీటీ అంటారు, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లాంటి ఊళ్లో ఈ అక్వేరియం పెట్టుకున్నవారు బకెట్లలో అమ్మే కృత్రిమ సముద్రపు ఉప్పును ఆర్‌వో నీళ్లలో కలిపి ఆ 35ను తామే తయారు చేసుకోవాలి. 200 లీటర్ల తొట్టి అయితే దాదాపు 7 కిలోల ఉప్పు పడుతుంది. కలిపిన తర్వాత అంకె కుదిరిందో లేదో రంగు చెప్పదు, వాసన చెప్పదు. నాలుక మీద చుక్క వేసుకుని చూసినా 31కీ 35కీ తేడా తెలియదు. ఇక పరికరమే దిక్కు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. పరికరం ఏదో ఒక అంకె చూపిస్తుంది, మనం దాన్ని కొలతగా నమ్మేస్తాం. కానీ పరికరం చూపించినంత మాత్రాన అది కొలత అయిపోదు. ముందే తెలిసిన ఒక ప్రమాణంతో సరిపోల్చి చూసినప్పుడే ఆ అంకెకు అర్థం వస్తుంది. కిరాణా కొట్లో తక్కెడ ఎంత కొత్తదైనా, తూనికలు కొలతల శాఖవారు ప్రమాణ రాళ్లతో సరిచూసి ముద్ర వేస్తేనే కదా ఆ తూకానికి విలువ. ఉప్పునీటి అక్వేరియం విషయంలో మనవాళ్లు పరికరం ధర గురించి ఎంతైనా చర్చిస్తారు. ప్రమాణం ఊసే ఎత్తరు. ఈ కథనం చెప్పదలచుకున్నది అదే: లవణీయత కొలతలో కచ్చితత్వం పరికరం ఖరీదును బట్టి రాదు, పోల్చి చూసే అలవాటును బట్టి వస్తుంది.

చేప తట్టుకుంటుంది, నక్షత్ర చేప తట్టుకోదు

అసలు ఇంత పట్టింపు ఎందుకన్న సందేహం ముందు తీరాలి. సముద్రపు చేప ఒంట్లోని ద్రవాల ఉప్పు గాఢత చుట్టూ ఉన్న నీటిలోని గాఢతలో దాదాపు మూడో వంతే. అందువల్ల ఒంట్లోని నీరు మొప్పల గుండా ఎప్పుడూ బయటికి లాగేసుకుపోతూ ఉంటుంది. నీళ్లలోనే బతుకుతూ దాహంతో బతికే ప్రాణి అది. పోయిన నీటిని పూడ్చుకోవడానికి సముద్రాన్నే తాగుతుంది. దాంతో లోపలికి వచ్చిన సోడియం, క్లోరైడ్‌లను మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి తోసేస్తుంది. మెగ్నీషియం, సల్ఫేట్‌లను మూత్రపిండాలు కొద్దిపాటి మూత్రంతో వదిలిస్తాయి. ఈ పని రాత్రీ పగలూ సాగాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. అయితే ఆ ఏర్పాటు ఉంది కాబట్టే చేప లవణీయతలో కొంత హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. నక్షత్ర చేపలు, ముళ్లబంతి లాంటి సీ అర్చిన్లు, సీ అనిమోన్లు, పగడపు జీవులకు ఆ సదుపాయం లేదు. వాటి ఒంటి ద్రవం చుట్టూ ఉన్న నీటితో సమానంగా ఉంటుంది. నీరు పలచబడితే కణాలు ఉబ్బుతాయి, చిక్కబడితే ముడుచుకుపోతాయి. ఒకే తొట్టిలో చేప హాయిగా తిరుగుతుంటే పక్కనే నక్షత్ర చేప కరిగిపోయినట్టు చనిపోవడానికి తరచూ కారణం ఇదే. 'చేపలు బాగానే ఉన్నాయి కదా' అన్నది లవణీయతకు సాక్ష్యం కాదు. ఆ తొట్టిలో అన్నిటికన్నా ఓర్పున్న ప్రాణిని సాక్షిగా పిలవడమే అందులోని పొరపాటు.

చేపకైనా ఆ ఓర్పుకు హద్దుంది. ఉప్పు ఖర్చు తగ్గుతుందని, పరాన్నజీవుల బెడద కొంత తగ్గుతుందని కొన్ని దుకాణాలు చేపలను సాపేక్ష సాంద్రత (శుద్ధ జలంతో పోల్చిన సాంద్రత) 1.018 నుంచి 1.020 వరకు ఉండే నీటిలో ఉంచుతాయి. అంటే సుమారు 24 నుంచి 27 పీపీటీ. ఆ చేపను తెచ్చి 35 ఉన్న తొట్టిలో ఒక్కసారిగా వదిలితే దాని ఒంట్లో నీరు వేగంగా పోతుంది. ఉప్పు తగ్గే మార్పు కన్నా ఉప్పు పెరిగే మార్పును తట్టుకోవడం చేపకు కష్టం. కవరులో ఉన్న నీటి లవణీయత ఎంతో, తొట్టిలో ఎంతో తెలిస్తే తప్ప ఎంత నెమ్మదిగా అలవాటు చేయాలో నిర్ణయించలేం. వైద్యానికీ ఇదే వర్తిస్తుంది. క్రిప్టోకేరియాన్ అనే పరాన్నజీవి తెచ్చే తెల్ల మచ్చల జబ్బుకు మందు లేకుండా చేసే చికిత్సల్లో ఒకటి, చేపను వేరే తొట్టిలో 1.009 సాంద్రత దగ్గర కొన్ని వారాలు ఉంచడం. అంతకు పైన ఉంటే పరాన్నజీవి బతికిపోతుంది, మరీ కిందకు దిగితే చేప దెబ్బతింటుంది. సందు అంత ఇరుకుగా ఉన్నచోట పరికరం రెండు మూడు పీపీటీలు అటూ ఇటూ చూపితే చికిత్సే వ్యర్థం.

కంటికి తట్టని మరో నష్టం ఉంది. లవణీయత తొట్టిలోని మిగతా కొలతలన్నిటికీ పునాది. 35 ఉన్న సముద్రపు నీటిలో కిలోకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. ఉప్పు పలచబడితే ఇవీ అదే పాళ్లలో తగ్గుతాయి. పరికరం 35 అంటున్నా నిజంగా నీటిలో 31 మాత్రమే ఉందనుకుందాం. కాల్షియం పరీక్ష చేస్తే 365 దగ్గర తేలుతుంది, మెగ్నీషియం 1,140 దగ్గర. యజమానికి లవణీయత మీద అనుమానం రాదు, ఎందుకంటే పరికరం సరిగ్గా 35 చూపుతోంది. కాల్షియం తక్కువైందని మందు సీసా కొని పోస్తాడు, మెగ్నీషియానికి మరొకటి. కొన్నాళ్లకు పరికరం మారి అసలు లవణీయత బయటపడి, ఉప్పు కలిపి 35కు తెస్తే, అప్పటికే 410కి పెంచిన కాల్షియం ఇప్పుడు 460 దాటుతుంది. ఒక్క తప్పు అంకె రెండు తప్పుడు మందులకు దారి తీసింది. జబ్బు నీటిది కాదు, కొలతది.

ఎండబెట్టి తూస్తే సరిపోదా?

లవణీయత తెలుసుకోవడానికి అందరికీ ముందు తట్టే ఉపాయం ఒకటుంది. కిలో సముద్రపు నీటిని మరగబెట్టి, అడుగున మిగిలిన ఉప్పును తూచడం. వినడానికి ఇంతకన్నా సూటి పద్ధతి లేదు. శాస్త్రజ్ఞులకు పెద్ద తలనొప్పి తెచ్చినదీ ఇదే. మెగ్నీషియం క్లోరైడ్ తనలోని నీటిని ఒక పట్టాన వదలదు. గట్టిగా వేడి చేస్తే నీటితో పాటు కొంత క్లోరిన్ కూడా ఆమ్లంగా మారి ఎగిరిపోతుంది. కార్బనేట్లు విడిపోతాయి. ఎంత వేడి చేశారన్నదాన్ని బట్టి మిగిలే ఉప్పు బరువు మారుతుంది. అందుకే 19వ శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞులు మరో దారి వెతికారు. సముద్రాలన్నిటిలో లవణాల మొత్తం మారినా వాటి మధ్య పాళ్లు దాదాపు మారవని 1819లో అలెగ్జాండర్ మార్సెట్ గుర్తించాడు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు చుట్టిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్ తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్‌మార్ విశ్లేషించి 1884లో ఆ సంగతిని గట్టిగా రుజువు చేశాడు. పాళ్లు మారవు కాబట్టి ఒక్క క్లోరిన్‌ను కొలిస్తే మొత్తం లెక్క కట్టవచ్చు. డెన్మార్క్‌కు చెందిన మార్టిన్ నుడ్‌సెన్ 1901లో అచ్చువేసిన పట్టికలు ఆ లెక్కకే. వెండి నైట్రేట్‌తో క్లోరిన్‌ను తేల్చి, ఆ పట్టికల్లో లవణీయత చూసుకోవడం దశాబ్దాల పాటు నౌకల మీద నిత్యకృత్యమైంది.

ఈ చరిత్రలో ఇంటి అక్వేరియానికి పనికొచ్చే అసలు పాఠం వేరే ఉంది. వేర్వేరు దేశాల నౌకలు వేర్వేరు చేతులతో కొలిచిన అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగ్గవి కావాలంటే పట్టికలు ఒక్కటే చాలవని ఆ తరం గ్రహించింది. అందుకే కోపెన్‌హాగన్ నుంచి గాజు గొట్టాల్లో మూత కరిగించి మూసిన ప్రమాణ సముద్రపు నీరు ప్రపంచంలోని ప్రయోగశాలలకు వెళ్లేది. ఎవరైనా తమ నమూనాకు ముందు ఆ నీటిని కొలిచి తమ చేతిని, తమ ద్రావణాన్ని సరిచూసుకునేవారు. ఇప్పుడు క్లోరిన్ పోయి విద్యుత్ వాహకత వచ్చింది. 1978 నాటి లవణీయత కొలమానం ప్రకారం, కిలో ద్రావణంలో 32.4356 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉన్న నీటికి 15 డిగ్రీల వద్ద ఎంత వాహకత ఉంటుందో, అంతే వాహకత ఉన్న సముద్రపు నీటి లవణీయత 35. నిర్వచనమే ఒక పోలిక. ఈనాటికీ ప్రమాణ సముద్రపు నీటి సీసాలు ఇంగ్లండ్ నుంచి ప్రయోగశాలలకు వెళుతూనే ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో తేలే ఆర్గో ఫ్లోట్ల సమాచారం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. 2,000 మీటర్ల లోతు దాకా మునిగి తేలుతూ లవణీయతను 0.01 తేడాతో పట్టాలన్నది వాటి లక్ష్యం. అంత ఖరీదైన సెన్సార్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ పక్కకు జరుగుతాయి. అందుకే వాటి అంకెలను నౌకల మీద తీసిన నమ్మకమైన కొలతలతో పోల్చి సవరిస్తారు. సముద్ర శాస్త్రం చేస్తున్నది అదైతే, రెండు మూడు వేల రూపాయల పరికరాన్ని ఏ పోలికా లేకుండా నమ్మడానికి మనకు ఆధారం ఏముంది?

పరికరం అబద్ధమాడదు, మనమే తప్పు ప్రశ్న అడుగుతాం

ఇంటి పరికరాలన్నీ లవణీయతను నేరుగా కొలిచేవి కావు. ఒకటి సాంద్రతను కొలుస్తుంది, ఒకటి కాంతి వంపును, మరొకటి విద్యుత్తు ప్రవాహాన్ని. వాటి నుంచి లవణీయతకు వెళ్లే దారిలో ప్రతిదానికీ ఒక షరతు ఉంటుంది. ఆ షరతు మరచినప్పుడే పరికరం తప్పు చెప్పినట్టు కనిపిస్తుంది. ముందుగా గాజు హైడ్రోమీటర్ సంగతి. 25 డిగ్రీల ప్రమాణంతో చూస్తే 35 లవణీయత ఉన్న నీటి సాపేక్ష సాంద్రత 1.0264. కానీ చాలా హైడ్రోమీటర్లు 60 ఫారన్‌హీట్, అంటే 15.6 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు గీతలు గీసినవి. ఆ సంగతి గొట్టం లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటిదాన్ని 25 డిగ్రీల వెచ్చని తొట్టిలో తేలిస్తే, సరిగ్గా 35 ఉన్న నీటిలో కూడా అది 1.0243 దగ్గర ఆగుతుంది. యజమాని ఉప్పు తక్కువైందనుకుని 1.0264 వచ్చేదాకా కలుపుకుంటూ పోతే అసలు లవణీయత 38కి చేరువవుతుంది. గాజు పనితనంలో లోపం లేదు. చదివిన చూపులోనూ లోపం లేదు. ఉష్ణోగ్రత షరతు ఒక్కటీ జారిపోయింది. ఇక ముల్లు ఊగే ప్లాస్టిక్ పెట్టె రకానికి మరో బలహీనత ఉంది. ముల్లుకు అంటుకున్న చిన్న గాలి బుడగ దాన్ని పైకి లేపి ఎక్కువ చూపిస్తుంది, ఎండిన ఉప్పు పేరుకుంటే బరువెక్కి తక్కువ చూపిస్తుంది.

రిఫ్రాక్టోమీటర్ మన రాష్ట్రాల్లో చాలామందికి తెలిసిన పరికరం. ఆంధ్ర తీరంలో రొయ్యల చెరువు గట్టు మీద అది జేబులో ఉండే వస్తువు. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ కాంతి ఎక్కువగా వంగుతుందన్నది దాని సూత్రం. అయితే ఏ ఉప్పు? బజారులో చవకగా దొరికే చాలా రిఫ్రాక్టోమీటర్ల గీతలు ఒట్టి సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీసినవి. సముద్రపు నీటిలో మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం కూడా ఉంటాయి, అవి కాంతిని వంచే తీరు వేరు. 35 లవణీయత ఉన్న సముద్రపు నీరు కాంతిని ఎంత వంచుతుందో, 36.5 పాళ్ల సోడియం క్లోరైడ్ ద్రావణం అంతే వంచుతుంది. కాబట్టి అలాంటి పరికరంలో 35 కనిపించేలా నీటిని సరిచేస్తే నిజంగా వచ్చేది 33.6. పరికరాన్ని శుద్ధ జలంతో సున్నాకు ఎంత శ్రద్ధగా సరిపెట్టినా ఈ తేడా పోదు, ఎందుకంటే తప్పు సున్నా దగ్గర లేదు, గీతల మధ్య దూరంలో ఉంది. సున్నా దగ్గర నిజం చెప్పిన పరికరం 35 దగ్గర కూడా నిజమే చెబుతుందన్న ఊహే ఈ అభిరుచిలో అన్నిటికన్నా ఎక్కువ మందిని దారి తప్పిస్తోంది.

రొయ్యల రైతుకు అదే పరికరం దశాబ్దాలుగా పనికొస్తోంది కదా అనవచ్చు. పనికొస్తుంది, ఎందుకంటే వెనామీ రొయ్య ఒకటి రెండు పీపీటీల నుంచి 40 దాకా బతకగలదు. అక్కడ ఒకటిన్నర తేడా లెక్కలోకి రాదు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడుల్లో గాఢతను డిగ్రీల్లో చూపే బోమే హైడ్రోమీటర్‌తో చూసుకునేవారి సంగతీ అంతే. సముద్రం నీరు మూడు, మూడున్నర డిగ్రీల దగ్గర మొదలై 25 డిగ్రీలకు చేరాక ఉప్పు పేరుకుంటుంది. అర డిగ్రీ పొరపాటు పంటను పాడు చేయదు. అక్వేరియంలో 34 నుంచి 36 వరకు ఉన్న మొత్తం వెడల్పు అదే బోమే లెక్కలో డిగ్రీలో అయిదో వంతు. పరికరం మంచిదా చెడ్డదా అన్నది పనిని బట్టి తేలుతుంది. ఒక పనికి నమ్మకమైనది మరో పనికి మొద్దుబారినది కావచ్చు.

ఉష్ణోగ్రతను తనే సవరించుకుంటుందని రిఫ్రాక్టోమీటర్ మీద రాసి ఉన్నా దానికీ హద్దులున్నాయి. ఆ సవరణ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో గాలి ఆ గీత దాటే ఉంటుంది. రెండు చుక్కల నీరు క్షణాల్లో పరికరం వేడికి వచ్చేస్తుంది కాబట్టి ఇక్కడ లెక్కలోకి వచ్చేది తొట్టి ఉష్ణోగ్రత కాదు, పరికరం ఉన్న చోటు ఉష్ణోగ్రత. బాల్కనీ ఎండలో ఉంచిన పరికరాన్ని అప్పటికప్పుడు అందుకుని చూడకూడదు. చుక్క వేశాక అర నిమిషమైనా ఆగాలి. విద్యుత్ వాహకత మీటర్లు ఇంకా సున్నితమైనవి, ఉష్ణోగ్రత మీద ఇంకా ఎక్కువ ఆధారపడేవి. 25 డిగ్రీల వద్ద 35 లవణీయతకు వాహకత సెంటీమీటరుకు 53 మిల్లీసీమెన్స్. ఒక్క డిగ్రీ మారితే అది సుమారు రెండు శాతం మారుతుంది. అంటే మీటరులోని థర్మామీటర్ ఒక డిగ్రీ తప్పు చూపితే లవణీయత 0.7 దాకా తప్పుతుంది. ప్రోబ్‌లో బుడగ చిక్కినా, ఎలక్ట్రోడ్ల మీద నాచు పట్టినా అంకె మారిపోతుంది. తాగునీటి కోసం చేసిన టీడీఎస్ మీటర్లు ఈ గాఢతకు ఏమాత్రం పనికిరావు. తెర మీద 35.2 అని దశాంశంతో సహా కనిపించినంత మాత్రాన అంత కచ్చితత్వం వచ్చినట్టు కాదు. దశాంశం తెర గుణం, నిజం పోలికలోంచి రావాలి.

ముప్పై రూపాయల ఉప్పుతో ప్రమాణం

ఈ చిక్కులన్నిటికీ విరుగుడు ఒకటే. మనం ఉంచదలచుకున్న 35 దగ్గరే పరికరాన్ని సరిచూడటం. 35 లవణీయత ఉన్న ప్రమాణ ద్రావణం సీసాలో దొరికితే కొనుక్కోవడం మంచిది. రిఫ్రాక్టోమీటర్‌కైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 36.5 గ్రాముల ఉప్పును 963.5 గ్రాముల శుద్ధ జలంలో కరిగించాలి, రెండూ కలిపి సరిగ్గా 1,000 గ్రాములు రావాలి. లీటరు గిన్నెతో కొలవకూడదు, రెంటినీ తూచాలి. ఉప్పు కోసం కల్లుప్పు వాడకూడదు, అందులో మెగ్నీషియం లవణాలు, తేమ ఎక్కువ. మెత్తటి శుద్ధి చేసిన ఉప్పు, అదీ కొత్తగా విప్పిన పొడి ప్యాకెట్‌లోది కావాలి. అందులో కలిపే అయోడిన్ పరిమాణం చాలా స్వల్పం, ఈ లెక్కను కదపలేదు. పదో వంతు గ్రాము వరకు చూపే చిన్న తూకం కావాలి. అర గ్రాము తేడా వస్తే ప్రమాణమే అర పీపీటీ తప్పుతుంది. ఈ ద్రావణం సముద్రపు నీటి గీతలున్న రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపాలి. చూపకపోతే మరతో తిప్పి అక్కడికి తేవాలి. పరికరం ఏ రకానిదో తెలియకపోతే తెలుసుకునే దారి కూడా ఇదే. ముందు శుద్ధ జలంతో సున్నాకు సరిపెట్టి, ఆపై ఈ ద్రావణం వేసి చూస్తే 35 దగ్గర ఆగినది సముద్రపు నీటి పరికరం, 36.5 దగ్గర ఆగినది ఒట్టి ఉప్పు పరికరం. రెండో రకమైనా పారేయనక్కర్లేదు, 35 దగ్గరకు తిప్పుకుంటే తొట్టి పనికి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. ఈ ద్రావణం కాంతిని సముద్రపు నీటిలా వంచుతుందే గానీ విద్యుత్తును సముద్రపు నీటిలా పారించదు. వాహకత మీటరుకు 53 మిల్లీసీమెన్స్ ప్రమాణం విడిగా కొనాల్సిందే. ఏ ప్రమాణమైనా మూత సరిగ్గా లేకపోతే ఆవిరై చిక్కబడుతుంది. చిక్కబడిన ప్రమాణం పరికరం లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే అది తప్పుకు ముద్ర వేస్తుంది.

35 దగ్గర సరిపెడితే సున్నా దగ్గర పక్కకు జరుగుతుంది కదా అని కొందరికి అభ్యంతరం. జరిగితే జరగనీ, తొట్టిలో శుద్ధ జలాన్ని కొలిచే అవసరం లేదు. కొలిచేది 33కీ 37కీ మధ్య. ఆ మధ్యలో నిజం చెబితే చాలు. తక్కువ లవణీయతతో చికిత్స చేసే రోజుల్లో మాత్రం ఆ గాఢతకు దగ్గరలో మరో ప్రమాణంతో విడిగా చూసుకోవాలి.

స్థిరంగా ఉంటే చాలదా?

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. అంకె నిజమా కాదా అన్నది ముఖ్యం కాదు, రోజూ ఒకే అంకె నిలబడితే ప్రాణులు దానికే అలవాటు పడతాయి అంటారు చాలామంది అనుభవజ్ఞులు. ఇందులో నిజం ఉంది. 33.6 దగ్గర నిలకడగా ఉన్న తొట్టి, 33కీ 37కీ మధ్య ఊగే తొట్టి కన్నా మేలు. కానీ నిలకడగా ఉందని తెలిసేది ఎలా? పరికరం నెలకు అర పీపీటీ చొప్పున పక్కకు జరుగుతుంటే, దాని అంకెను పట్టుకుని నీటిని సరిచేస్తున్న యజమాని కూడా తెలియకుండా నీటిని అదే వేగంతో జరుపుతుంటాడు. పుస్తకంలో రాసుకున్న అంకెలన్నీ 35గానే ఉంటాయి. నిలకడకు సాక్ష్యం చెప్పగలిగేది ప్రమాణం ఒక్కటే. పరికరం పగిలి కొత్తది కొన్న రోజున కూడా ఈ వాదం కూలిపోతుంది. పాత పరికరం చూపిన 35కూ కొత్తది చూపే 35కూ మధ్య మూడు పీపీటీలుంటే, అన్నాళ్లూ కాపాడిన నిలకడ ఒక్క సాయంత్రంలో పోతుంది. కచ్చితత్వం, నిలకడ ఒకదానికొకటి పోటీ కావు. మొదటిది లేకుండా రెండోది ఉందో లేదో చెప్పలేం.

ప్రకృతిలోనే లవణీయత ఒక్కలా లేదు కదా, ఇంట్లో ఎందుకింత పట్టు అన్నది మరో ప్రశ్న. ఎర్ర సముద్రంలో 40 దాకా ఉంటుంది. మన బంగాళాఖాతంలో వానాకాలం వెళ్లే వేళకు గంగ, బ్రహ్మపుత్ర మొదలు మన నదుల దాకా తెచ్చిన మంచినీరు తీరం వెంట దక్షిణానికి పారి, విశాఖ దగ్గర ఉపరితల లవణీయత పలుమార్లు 30కి దిగువకు పడిపోతుంది. నిజమే. అయితే అక్కడి ప్రాణులు ఆ రుతువులకు తరతరాలుగా కుదురుకున్నవి, లేదా లోతుకో దూరానికో పోగలవి. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో, కచ్ఛ్ తీరంలో ఉన్నాయి గానీ కృష్ణా గోదావరి ముఖద్వారాల్లో లేవు. గాజు తొట్టిలోని ప్రాణికి పోయే చోటు లేదు. పైగా ఈ వాదం కొలతను తగ్గించడం లేదు, ఇంకా పెంచుతోంది. విశాఖలోనో కాకినాడలోనో బీచ్ నుంచి క్యాన్లతో నీళ్లు తెచ్చుకుని, అసలు సముద్రమే కాబట్టి కొలవనక్కర్లేదనుకునేవారికి అక్టోబర్ నీరు, మే నీరు ఒకటి కావని చెబుతున్నది ఆ అంకెలే.

ఉప్పు ప్యాకెట్ మీద లీటరుకు ఎన్ని గ్రాములో రాసి ఉంది, అలా తూచి వేస్తే చాలదా అన్నవారికీ జవాబు ఉంది. ఆ లవణాల్లో కొన్ని తమలో నీటిని కట్టుకుని ఉంటాయి. తీరప్రాంతపు ఉక్కలో మూత తీసిన బకెట్ వారాల తరబడి తేమ పీలుస్తుంది. అప్పుడు తూచిన గ్రాముల్లో ఎంత ఉప్పో ఎంత నీరో తెలియదు. తూకం ఉప్పు కలపడం మొదలుపెట్టడానికి, కొలత ముగించడానికి. ఇంకా, ఒకసారి సరిగ్గా కలిపితే పని అయిపోదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. 200 లీటర్ల తొట్టిలో రోజుకు 2 లీటర్లు ఆవిరైతే వారానికి 35 కాస్తా 37.6 అవుతుంది. ఆ లోటును మంచినీటితో పూడిస్తే మళ్లీ 35కు వస్తుంది. తెలియక ఉప్పునీటితోనే పూడిస్తే వారానికి అర కిలో ఉప్పు తొట్టిలో కొత్తగా చేరుతుంది, నెల తిరిగేసరికి లవణీయత 45కి చేరువవుతుంది. ఎండాకాలంలో నీటిని చల్లబరచడానికి పైన ఫ్యాను పెట్టే ఇళ్లలో ఈ వేగం ఇంకా ఎక్కువ. అందుకే నీటిమట్టానికి గాజు మీద గీత గీసుకోవడం, రోజూ ఆర్‌వో నీటితో ఆ గీతకు నింపడం, నింపాక నీరు బాగా కలిసిన తర్వాతే కొలవడం, కొత్తగా కలిపిన ఉప్పునీటిని పంపుతో ఒక రోజు తిప్పాకే వాడటం కొలతలో భాగాలే. మూడుసార్లు చూసి మధ్య అంకె తీసుకుంటే చేతి పొరపాటు తగ్గుతుంది. ఇంటి తొట్టికి ప్రయోగశాల కచ్చితత్వం అక్కర్లేదు. అర పీపీటీ అటూ ఇటూగా నిజం తెలిస్తే చాలు. నమ్మకమైన అర పీపీటీ, నమ్మకం లేని రెండు దశాంశాల కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

చివరిగా ఇది డబ్బు విషయం మాత్రమే కాదు. అక్వేరియాల్లోకి వచ్చే సముద్రపు చేపల్లో అధిక భాగం ఇప్పటికీ పగడపు దిబ్బల నుంచి పట్టి తెచ్చినవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపల్లాంటి కొన్ని రకాలను నిర్బంధంలో పిల్లలు పెట్టించగలిగింది గానీ, చాలా రకాలకు ఆ దారి ఇంకా తెరుచుకోలేదు. మన దేశంలో గట్టి పగడాలన్నీ, సముద్ర గుర్రాలూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. చట్టం అనుమతించిన ప్రాణులనైనా ఇంటికి తెచ్చుకున్నాక వాటి సముద్రానికి పూచీ మనదే. ఆ పూచీ నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు. తొట్టి కొన్నరోజే ఒక ప్రమాణ ద్రావణం కొనుక్కోవాలి, లేదా తూచి చేసుకోవాలి. నెలకోసారి, పరికరం కింద పడిన ప్రతిసారీ దానితో సరిచూసుకోవాలి. అమ్మేవారు చేయగలిగిందీ ఒకటుంది. చేపను కవరులో కట్టి ఇచ్చేటప్పుడు ఆ నీటి లవణీయత ఎంతో, అది ఏ ప్రమాణంతో సరిచూసిన పరికరంతో కొలిచిందో చీటీ మీద రాసి ఇవ్వాలి. కొనేవారు ఆ చీటీ అడగడం మొదలుపెడితే దుకాణాల్లో ప్రమాణాలు వాటంతటవే వస్తాయి. అడగనంతకాలం చేప ధర, తొట్టి ధర, పరికరం ధర అన్నీ అంకెల్లో తెలుస్తాయి, ప్రాణాన్ని నిలబెట్టే అంకె ఒక్కటే ఊహగా మిగిలిపోతుంది.